ఏటవాలు గీతకు సమీకరణం ఎలా పుడుతుంది? ఐదు సూత్రాల వెనక ఉన్న ఒక్క మాట

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఎక్స్ = 3 అంటే నిలువు గీత, వై = 2 అంటే అడ్డగీత, ఇంతవరకు అర్థమైంది. ఏటవాలు గీత దగ్గరికి వచ్చేసరికి వాలు, అంతరఖండం అంటూ ఐదు సూత్రాలు వచ్చి పడ్డాయి. ఏది ఎక్కడ వాడాలో తెలియడం లేదు, వాడినా గుర్తుల దగ్గర లెక్క తప్పుతోంది.

సూత్రాలను కాసేపు పక్కన పెట్టండి. ఆ ఐదూ ఒకే మాటను ఐదు రకాలుగా చెబుతాయి. ఆ మాట తెలిస్తే ఏ సూత్రం మరిచిపోయినా రెండు నిమిషాల్లో మళ్లీ రాబట్టుకోవచ్చు. (సమీకరణాల్లోని అక్షరాలను ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. నోటుబుక్కులో మీకు అలవాటైన గుర్తులే వాడండి.)

ముందు ఎక్స్ = 3 నే ఇంకోసారి చూడండి. అది గీతకు పెట్టిన పేరు కాదు, ఒక షరతు. మొదటి నిరూపకం 3 అయిన బిందువులకే ఈ గీత మీద చోటు. (3, 0), (3, 7), (3, −100) అన్నిటికీ చోటుంది, (4, 7)కి లేదు. రెండో నిరూపకం గురించి ఆ షరతు ఏమీ అడగదు, అందుకే గీత పైకీ కిందికీ ఎంత దూరమైనా పోతుంది. వై = 2 కూడా అంతే. ఏటవాలు గీతలో ఒక్కటే తేడా: షరతు ఎక్స్‌నూ వైనూ కలిపి పట్టుకుంటుంది. ఎక్స్ ఇంత అయితే వై ఇంతే కావాలి అంటుంది.

ఆ షరతు ఏమిటో కళ్లతో చూడాలంటే గ్రాఫ్ కాగితం తీసుకుని (2, 1), (6, 9) గుర్తించి స్కేలుతో కలపండి. ఇప్పుడు గీత వెంట నడవండి. ఎక్స్ 2 దగ్గర వై 1. ఎక్స్ 3 దగ్గర వై 3. 4 దగ్గర 5, 5 దగ్గర 7, 6 దగ్గర 9. కుడికి ఒక గడి జరిగిన ప్రతిసారీ రెండు గడులు పైకి ఎక్కుతున్నారు. మొదట్లోనూ రెండే, చివర్లోనూ రెండే. అర గడి జరిగితే ఒక గడి, పది గడులు జరిగితే ఇరవై. గీత వంకర లేకుండా తిన్నగా ఉండటం అంటే ఇదే: నిలువు మార్పును అడ్డం మార్పుతో భాగిస్తే వచ్చే సంఖ్య గీత మీద ఏ రెండు బిందువులు తీసుకున్నా మారదు. ఆ మారని సంఖ్య పేరు వాలు, దాన్నే ఎం అని రాస్తారు.

ఎందుకు మారదు? గీత మీద ఏ రెండు బిందువులు తీసుకుని కింద లంబకోణ త్రిభుజం గీసినా, ఆ త్రిభుజాలన్నీ సరూపాలు. చిన్న త్రిభుజమైనా పెద్దదైనా నిలువు భుజానికీ అడ్డ భుజానికీ ఉన్న నిష్పత్తి ఒక్కటే. త్రిభుజాల పాఠంలో చదివిన సరూపతే ఇక్కడ వాలు రూపంలో పనికొస్తోంది.

ఇక సమీకరణం రాబట్టడం. (2, 1) స్థిరంగా ఉన్న బిందువు అనుకోండి. గీత మీద తిరిగే ఇంకో బిందువును (ఎక్స్, వై) అనండి. అది ఎక్కడున్నా ఆ రెండింటి మధ్య వాలు 2 కావాలి:

(వై − 1) / (ఎక్స్ − 2) = 2

హారాన్ని అటు వైపు పంపితే

వై − 1 = 2(ఎక్స్ − 2)

విప్పితే వై = 2ఎక్స్ − 3. అయిపోయింది. ఇక్కడ చాలామంది గమనించని చిన్న సంగతి ఉంది. పైన భిన్నంగా రాసిన వాక్యంలో (2, 1) పెడితే సున్నా బై సున్నా వస్తుంది, అంటే ఆ ఒక్క బిందువు మాత్రం బయటపడిపోతుంది. హారాన్ని గుణకారంగా మార్చాక అదే బిందువు 0 = 0 అంటూ చక్కగా ఒదుగుతుంది. అందుకే పుస్తకాల్లో వాలు–బిందు రూపాన్ని భిన్నంగా కాక గుణకారంగా రాస్తారు.

మీరు భయపడుతున్న ఐదు రూపాల్లో నాలుగు ఇప్పటికే మన చేతిలో ఉన్నాయి. ఒక బిందువూ (ఎక్స్₁, వై₁) వాలూ ఇస్తే పైన చేసినదే: వై − వై₁ = ఎం(ఎక్స్ − ఎక్స్₁). వాలు ఇవ్వకుండా రెండు బిందువులు ఇస్తే ముందు వాలు కట్టి అదే దారిలో వెళ్లండి. రెండు బిందువుల రూపం అనే పొడుగాటి సూత్రాన్ని విడిగా కంఠస్థం చేయక్కర్లేదు, నా సలహా అయితే చేయకండి, గుర్తులు తారుమారయ్యేది అక్కడే ఎక్కువ. ఇచ్చిన బిందువు వై-అక్షం మీదే ఉంటే, అంటే (0, సి) అయితే, అదే వాక్యం వై = ఎం·ఎక్స్ + సి అవుతుంది. గీత వై-అక్షాన్ని కోసే చోటు చెప్పే ఈ సి పేరే వై-అంతరఖండం. గీత రెండు అక్షాలనూ (ఎ, 0), (0, బి) దగ్గర కోస్తే వాలు −బి/ఎ. దాన్ని పెట్టి సర్దితే ఎక్స్/ఎ + వై/బి = 1 వస్తుంది. ఐదోదైన అభిలంబ రూపం మూలబిందువు నుంచి గీతకు ఉన్న లంబదూరంతో పని పడినప్పుడే కావాలి. వాలు బాగా చేతికొచ్చాక దాని జోలికి వెళ్లండి.

వై = ఎం·ఎక్స్ + సి లో ఎం, సి రెండూ సంఖ్యలే అయినా వాటి పనులు వేరు. ఇది బాగా అర్థం కావాలంటే ఉష్ణోగ్రత లెక్క చూడండి. నీరు గడ్డకట్టేది 0 డిగ్రీల సెల్సియస్, అదే 32 ఫారెన్‌హీట్. మరిగేది 100 సెల్సియస్, అదే 212 ఫారెన్‌హీట్. అంటే (0, 32), (100, 212) అనే రెండు బిందువులు. వాలు 180/100, అంటే 9/5. వై-అంతరఖండం 32. కాబట్టి ఫారెన్‌హీట్ = (9/5) × సెల్సియస్ + 32. 37 పెడితే 98.6 వస్తుంది, మనకు అలవాటైన ఒంటి వేడి. ఇప్పుడు ఈ ప్రశ్న: జ్వరం 2 డిగ్రీల సెల్సియస్ పెరిగింది, ఫారెన్‌హీట్‌లో ఎంత పెరిగినట్టు? సూత్రంలో 2 పెట్టి 35.6 అనేవాళ్లు చాలామంది. అది తప్పు. పెరుగుదల మార్పుకు సంబంధించినది, మార్పును చెప్పేది వాలు ఒక్కటే. 2 × 9/5 = 3.6 డిగ్రీలు. 32 అనేది గీత ఎక్కడ మొదలైందో చెబుతుందే తప్ప ఎంత వేగంగా ఎక్కుతుందో చెప్పదు. పదసమస్య ఏది చదివినా ఈ తేడా వెతకండి: “నిమిషానికి ఇంత”, “కిలోమీటరుకు ఇంత” అన్నది వాలు, “ముందే ఉన్నది”, “కనీస చార్జీ” లాంటిది అంతరఖండం. ట్యాంకులో 200 లీటర్లు ఉండగా మోటారు వేశారు, నిమిషానికి 25 లీటర్లు పడుతోంది అంటే వై = 25ఎక్స్ + 200. అదే ట్యాంకులోంచి నిమిషానికి 25 పోతుంటే వై = −25ఎక్స్ + 200, ఎనిమిదో నిమిషానికి ఖాళీ. గీత ఎక్స్-అక్షాన్ని (8, 0) దగ్గర కోయడం అంటే అదే.

రుణ వాలు అంటే ఎడమ నుంచి కుడికి నడిస్తే దిగుతున్నట్టు. ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే చూడండి, లేకపోతే ఎక్కడమూ దిగడమూ తలకిందులవుతాయి. వాలు సున్నా అయితే చదునైన అడ్డగీత. నిలువు గీతలో అడ్డం మార్పు సున్నా, సున్నాతో భాగించలేం, కాబట్టి దానికి వాలు నిర్వచితం కాదు. “వాలు లేదు”, “వాలు సున్నా” ఒకటే అనుకుని మార్కులు పోగొట్టుకోవద్దు. నిలువు గీతను వై = ఎం·ఎక్స్ + సి లో ఎలా తిప్పినా రాయలేం. అన్ని గీతలకూ సరిపోయేది ఎ·ఎక్స్ + బి·వై + సి = 0 అనే సాధారణ రూపం, బి సున్నా అయితే నిలువు గీత వస్తుంది. ఈ సి, వై = ఎం·ఎక్స్ + సి లోని సి ఒకటి కావని కూడా గుర్తుంచుకోండి; పుస్తకాలు అదే అక్షరాన్ని రెండు చోట్లా వాడతాయి.

ఇప్పుడు తప్పులు ఎక్కడ జరుగుతాయో చూద్దాం, మీ అసలు ఇబ్బంది అదే కదా.

మొదటిది తీసివేత వరస. (−3, 5), (1, −7) ఇచ్చారనుకోండి. పైన ఏ బిందువుతో మొదలుపెట్టారో కింద కూడా ఆ బిందువుతోనే మొదలుపెట్టాలి. పైన −7 − 5 = −12. కింద 1 − (−3) = 4. వాలు −3. ఇక్కడ రెండు రకాలుగా జారతారు. ఒకటి, కింద 1 − 3 అని రాసి −2 తెచ్చుకుని వాలు 6 అనడం. రుణసంఖ్యను తీసివేసేటప్పుడు బ్రాకెట్ వేయకపోవడమే దీనికి కారణం. రెండు, పైన రెండో బిందువు నుంచి, కింద మొదటి బిందువు నుంచి మొదలుపెట్టి గుర్తు తిప్పేసుకోవడం. రెండింటికీ మందు ఒక్కటే: లెక్క మొదలుపెట్టేముందు రెండు బిందువులనూ ఒకదాని కింద ఒకటి రాసి, బ్రాకెట్లతో సహా తీసివేయండి. తర్వాత చిత్తు బొమ్మ గీయండి. (−3, 5) ఎడమన పైన ఉంది, (1, −7) కుడిన కింద ఉంది, గీత దిగుతోంది. వాలు ధనం వస్తే తప్పని బొమ్మే చెబుతుంది.

ఈ గీత సమీకరణం: వై − 5 = −3(ఎక్స్ + 3), అంటే వై = −3ఎక్స్ − 4. సరిచూసుకోవడానికి ఏ బిందువు పెడతారు? చాలామంది (−3, 5) పెట్టి సరిపోయిందని సంతోషిస్తారు. దాంతో ఉపయోగం లేదు. సమీకరణం కట్టింది ఆ బిందువుతోనే కాబట్టి వాలు తప్పినా అది సరిపోతుంది. రెండో బిందువు పెట్టాలి: −3 × 1 − 4 = −7, సరిపోయింది. ఈ ఒక్క అలవాటు పరీక్షలో పోయే మార్కులను చాలావరకు కాపాడుతుంది.

సాధారణ రూపంలోంచి వాలు తీయడం రెండో గండం. 3ఎక్స్ + 4వై − 12 = 0 చూడగానే వాలు 3 అనో, 3/4 అనో రాసేస్తారు. వైని ఒంటరిగా నిలబెట్టండి: 4వై = −3ఎక్స్ + 12, వై = −(3/4)ఎక్స్ + 3. వాలు −3/4. ఎక్స్ పదం సమానపు గుర్తు దాటి అవతలికి వెళ్లింది కాబట్టే ఆ రుణ గుర్తు. ఎక్స్ గుణకాన్ని వై గుణకంతో భాగించి గుర్తు మార్చడం అనే కిటుకు దీన్నుంచే వచ్చింది. ఈ గీతను గీయాలంటే పట్టిక అంతా వేయనక్కర్లేదు. ఎక్స్ సున్నా పెడితే వై 3, వై సున్నా పెడితే ఎక్స్ 4. (0, 3), (4, 0) కలిపితే చాలు. అయితే సరిచూడటానికి మూడో బిందువు ఒకటి తప్పకుండా తీసుకోండి. ఎక్స్ 8 అయితే వై −3. (8, −3) కూడా అదే స్కేలు అంచుకు తగలాలి. తగలకపోతే మూడింటిలో ఏదో తప్పింది.

అంతరఖండ రూపంలో ఒక ఉచ్చు ఉంది. “(4, 3) గుండా పోతూ అక్షాలపై సమాన అంతరఖండాలు చేసే రేఖ” అంటే ఎక్స్/ఎ + వై/ఎ = 1 అనుకుని ఎక్స్ + వై = 7 అంటారు. సరైనదే. కానీ మూలబిందువు గుండా పోయే వై = (3/4)ఎక్స్ కూడా అదే బిందువు గుండా పోతుంది, దాని రెండు అంతరఖండాలూ సున్నా, కాబట్టి సమానమే. ఎ తో భాగించిన క్షణాన ఈ రెండో జవాబును మనమే బయటకు తోసేశాం. అందుకే జాగ్రత్తగా కూర్చిన ప్రశ్నల్లో “శూన్యేతర అంతరఖండాలు” అని ఉంటుంది. ఆ మాట ఉందో లేదో చదవండి. పరిమాణంలో సమానం, గుర్తుల్లో వ్యతిరేకం అంటే ఎక్స్ − వై = 1. అంతరఖండం పొడవు కాదు, నిరూపకం. దానికి రుణ గుర్తు ఉండొచ్చు.

వాలుకీ కోణానికీ ఉన్న సంబంధం ఎం = టాన్ థీటా. థీటా అంటే ఎక్స్-అక్షపు ధన దిశ నుంచి అపసవ్యంగా కొలిచిన కోణం. 45 డిగ్రీలకు వాలు 1, 60కి √3, 135కి −1. వాలు రెట్టింపైతే కోణం రెట్టింపు కాదు: వాలు 1కి 45 డిగ్రీలు, 2కి సుమారు 63.4, 3కి సుమారు 71.6. ఎంత పెరిగినా 90కి చేరదు. నిత్యజీవితంలో మనం చూసే వాలులు చాలా చిన్నవి. వీల్‌చైర్ ర్యాంపుకు మన దేశంలో చెప్పే 1:12 వాలు డిగ్రీల్లో చూస్తే 4.8 మాత్రమే. 450 మిల్లీమీటర్ల ఎత్తు గుమ్మానికి 5400 మిల్లీమీటర్ల పొడవు ర్యాంపు కావాలి. డాబా మీద వాన నీళ్లు పోవడానికి మేస్త్రి పది అడుగులకు అంగుళంన్నర వాటం పెడితే అది 1.5/120, అంటే 1/80. ప్రమాణాలు కలపకుండా ముందు అడుగులను అంగుళాల్లోకి మార్చారు చూశారా, వాలు కట్టేటప్పుడు అది తప్పనిసరి.

గ్రాఫ్ గీసేటప్పుడు అందరినీ తికమకపెట్టేది స్కేలు. ఎక్స్-అక్షం మీద 1 సెంటీమీటరు = 1 యూనిట్, వై-అక్షం మీద 1 సెంటీమీటరు = 10 యూనిట్లు తీసుకుంటే, వాలు 10 ఉన్న గీత కాగితం మీద సరిగ్గా 45 డిగ్రీలతో కనిపిస్తుంది. గీత తప్పు కాదు, వాలూ మారలేదు, కన్ను మోసపోయింది. ఈ కాగితం మీద కోణమానినితో కోణం కొలిచి టాన్ కడితే తప్పు జవాబు వస్తుంది. గడులు లెక్కపెట్టకూడదు, అక్షం మీద రాసిన విలువలు చదవాలి. స్కేళ్లు వేరైతే లంబరేఖలు కూడా లంబంగా కనిపించవు.

లంబరేఖల వాలుల లబ్ధం −1 ఎందుకు? గీత మీద 4 గడులు కుడికి, 3 పైకి నడిచారనుకోండి, వాలు 3/4. ఇప్పుడు కాగితాన్ని అపసవ్యంగా పావు చుట్టు తిప్పండి. కుడికి పోయిన 4 పైకి పోయాయి, పైకి పోయిన 3 ఎడమకు పోయాయి. కొత్త వాలు 4/(−3). లవహారాలు తలకిందులు, గుర్తు మారింది, లబ్ధం −1. ఒక గీత నిలువుగా, రెండోది అడ్డంగా ఉంటే ఈ సూత్రం పనిచేయదు, నిలువు గీతకు వాలే లేదు కదా, కానీ అవి లంబాలే. సమాంతర రేఖలకు వాలులు సమానం. రెండు సమీకరణాలు ఒకే గీతవి కావని మాత్రం చూసుకోండి. 3ఎక్స్ + 4వై − 12 = 0, 6ఎక్స్ + 8వై − 24 = 0 సమాంతరాలు కావు, ఒకే గీత.

అన్నీ కలిసే లెక్క ఒకటి: (7, 1) నుంచి వై = 2ఎక్స్ − 3 కు లంబపాదం, అంటే లంబం ఆ గీతను తాకే బిందువు. లంబానికి వాలు −1/2, కాబట్టి వై − 1 = −(1/2)(ఎక్స్ − 7), సర్దితే ఎక్స్ + 2వై = 9. వై స్థానంలో 2ఎక్స్ − 3 పెడితే 5ఎక్స్ = 15, ఎక్స్ = 3, వై = 3. లంబపాదం (3, 3). (7, 1) నుంచి దానికి దూరం √(16 + 4), అంటే 2√5. బిందువు నుంచి రేఖకు లంబదూరపు సూత్రంతో చూసినా |2 × 7 − 1 − 3|/√(4 + 1) = 10/√5, అదే 2√5.

చేసి చూసుకోవడానికి నాలుగు: (−1, 4), (3, −4) గుండా పోయే రేఖ; (4, 5) గుండా 3ఎక్స్ + 4వై − 12 = 0 కు సమాంతర రేఖ; అదే బిందువు గుండా దానికే లంబరేఖ; (2, 3), (5, కె), (8, 15) సరేఖీయాలు (ఒకే గీత మీద ఉన్నవి) కావాలంటే కె విలువ. జవాబులు వరసగా వై = −2ఎక్స్ + 2; 3ఎక్స్ + 4వై = 32; 4ఎక్స్ − 3వై = 1; కె = 9. మూడోది తప్పితే మీరు గుణకాలను తారుమారు చేసి గుర్తు మార్చడం మరిచినట్టు. నాలుగోది తప్పితే తీసివేత వరస చూడండి. ఎక్కడ ఆగారో ఆ మెట్టుతో సహా రాస్తే అక్కడి నుంచి చెబుతాను.